మోటారు తిరుగుతంది, నీళ్లు రావట్లేదు – తొందరగా చెప్పండి

మహేంద్రతనయ
మోటారు తిరుగుతంది గానీ నీళ్లు రావట్లేదు. ట్యాంకులో చుక్క లేదు, రేపు పొద్దున్నే చుట్టాలు దిగుతారు. మిస్త్రీ ఫోనెత్తడు. ఏటి చెయ్యాలో ఎవరైనా తొందరగా చెప్పీండి. ఊరు పర్లాకిమిడి.

నాగావళి66
కెపాసిటర్. కొత్తది వేస్తే అయిపోద్ది.

గుణుపురం గురు
చుట్టాల్ని ఎల్లుండి రమ్మనండి, అదే చవక.

వైండింగ్ వాసు
కెపాసిటర్ కాదు. అది పోతే మోటారు గుయ్యిమంటూ కదలకుండా ఉండిపోతుంది, లేదా తిరగడానికి అవస్థ పడుతుంది. ఈయన తిరుగుతోందనే అంటున్నారు.

మహేంద్రతనయ గారూ, తొందరగా కావాలంటే ముందు ఇవి రాయండి. నుయ్యా, బోరా, సంపా? ఎన్ని హెచ్‌పీ? మోటారు పైన ఉందా, నీళ్లలోనా? అక్కణ్నుంచి నీటిమట్టం దాకా ఎన్ని అడుగులు? అసలు చుక్క రావట్లేదా, కాసేపు వచ్చి ఆగుతున్నాయా? నీళ్లలో బుడగలున్నాయా? చప్పుడు మారిందా?

బరంపురం బాబ్జీ
నీటిమట్టం కళ్లతో చూసి 'ఒక ఇరవై ఉంటది' అని రాయకండి. తాడుకి రాయి కట్టి దింపండి. రాయి నీళ్లకి తగలగానే గట్టు దగ్గర తాడుకి ముడేసి, పైకి లాగి టేపుతో కొలవండి. మోటారు గట్టు కంటే ఎంత ఎత్తులో ఉందో అది కూడా కలపాలి. నూతి లోతుతో పని లేదు, పైపు ఎంత లోపలికి దిగిందో దాంతోనూ పని లేదు. నీటి పైమట్టం నుంచి మోటారు దాకా ఉన్న ఎత్తే లెక్క.

మహేంద్రతనయ
నుయ్యే. హాఫ్ హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకే దిమ్మగా ఉండేది), వరండా అరుగు మీద ఉంటది. పైపు అంగుళం పీవీసీ, కింద కొసకి ఫుట్ వాల్వు (నీళ్లు వెనక్కి జారకుండా పట్టేది) ఉంది. గట్టు నుంచి నీటికి 19 అడుగులు, మోటారు ఇంకో 3 అడుగులు పైన. మొత్తం 22. పంపు మీద నీళ్లు పోసే మూత, అదే ప్లగ్గు, తీసి నీళ్లు పోసి స్విచ్చేస్తే రెండు నిమిషాలు వస్తాయి. తరవాత తెల్లటి నురగ, టపటపా కొట్టుకుని ఆగిపోతాయి. చప్పుడు మామూలే. పోయిన నెల దాకా బాగానే ఎక్కించింది.

జయపురం జగ్గడు
హాఫ్ హెచ్‌పీతో 22 అడుగులు ఎలగ లాగుతాదండీ? ఒన్ హెచ్‌పీ తెచ్చి బిగించీండి.

వైండింగ్ వాసు
జగ్గడు గారూ, ఈ మాట నమ్మి జనం అనవసరంగా వేలు వదిలించుకుంటున్నారు. మోటారు నీళ్లని లాగదు. మనం పోసిన నీళ్లని బయటికి తోసి పైపులో పీడనం తగ్గిస్తుంది, అంతే. నూతిలో నీటి మీద పడే వాతావరణ పీడనం ఆ ఖాళీలోకి నీళ్లని నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం నెట్టగలిగేది లెక్క ప్రకారం 10.3 మీటర్లు. పైపులో రాపిడి, వంపులు, ఫుట్ వాల్వు అడ్డు అన్నీ పోను చేతికి మిగిలేది 7 మీటర్లు, అంటే 23 అడుగులు. హాఫ్ హెచ్‌పీ అయినా రెండు హెచ్‌పీ అయినా కింద నుంచి ఇంతకు మించి రావు. హెచ్‌పీ పెరిగితే పైకి తోసే ఎత్తూ ధారా పెరుగుతాయి.

పేరుపలక మీద 'హెడ్ 30 మీటర్లు' అని ఉంటే 30 మీటర్ల లోతు నుంచి తోడుతుందని అర్థం కాదు. పీల్చే ఎత్తు, తోసే ఎత్తు, పైపు రాపిడి మూడూ కలిపిన లెక్క అది.

కోరాపుట్ కాఫీ
మా కొండ మీద ఆ 7 మీటర్లు కూడా నమ్ముకోడానికి లేదు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి పీడనమే పది శాతం తక్కువ, అంటే పీల్చే ఎత్తులో సుమారు ఒక మీటరు కోత. బరంపురంలో 23 అడుగులు ఎక్కించిన మోటారు ఇక్కడ 20 దగ్గరే ఆయాసపడుతుంది. మోటారు చెడిపోయిందని తిట్టుకుంటారు పాపం.

జయపురం జగ్గడు
మరి నీళ్లు 30 అడుగులకి పోతే?

వైండింగ్ వాసు
అప్పుడు పైన పెట్టే మామూలు మోటారు పనికిరాదు. రెండు పైపుల జెట్ పంపు పెట్టాలి, లేదంటే నూతిలోకి దించే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్. కింద నుంచి తోసేదానికి ఈ 7 మీటర్ల గొడవే ఉండదు.

సరిహద్దు సన్యాసి
ఇవన్నీ వీడియోల్లో వెతుక్కోవచ్చు కదా, మళ్లీ ఇక్కడ ఎందుకు?

గుణుపురం గురు
వీడియోలో ఆయన చెప్పే మోటారు వేరు, ఈయన నుయ్యి వేరు. వీడియో తిరిగి ప్రశ్న వెయ్యదు కదా సన్యాసి గారూ. మీరు తపస్సు చేసుకోండి.

బరంపురం బాబ్జీ
నురగతో కొట్టుకుని ఆగిపోతోందంటే పైపులోకి ఎక్కడో గాలి దూరుతోంది. దారులు నాలుగే. ఫుట్ వాల్వు నీటి పైమట్టానికి దగ్గరైపోవడం, ఫుట్ వాల్వు కారడం (మోటారు ఆగినప్పుడు నీళ్లు దిగిపోయి గాలి చేరుతుంది), పైపు అతుకు, పంపు సీలు. ఏదో ఊహించి విప్పొద్దు, వరసలో చూడండి.

మొదట ఫుట్ వాల్వు నీటిలో కనీసం అడుగున్నర మునిగి ఉందా? పైకి ఉంటే సుడి తిరిగి గాలిని లోపలికి గుంజుతుంది. నూతి అడుగుకీ దానికీ మధ్య కూడా అడుగు ఖాళీ ఉండాలి, లేకపోతే ఇసక పీలుస్తుంది.

రెండోది, ప్లగ్గు తీసి పైపు నిండా నీళ్లు పోసి, స్విచ్చెయ్యకుండా పావుగంట చూడండి. మట్టం దిగిపోతే ఫుట్ వాల్వు కారుతోంది, లేదా కింది పైపు ఎక్కడో పగిలింది. రెప్పలో ఇసక రేణువో ఆకో ఇరుక్కున్నా చాలు. నిలబడిందంటే కింద అంతా మంచిదే, మూడోదానికి రండి.

మూడోది, షాంపూ రెండు చుక్కలు గ్లాసుడు నీళ్లలో వేసి గిలకొట్టి గట్టి నురగ చెయ్యండి. నీళ్లు పోసి మోటారు వెయ్యండి. ఆ రెండు నిమిషాల్లోనే పీల్చే వైపు ఉన్న ప్రతి అతుకు మీదా బ్రష్షుతో నురగ రాయండి. గాలి దూరే చోట నురగ లోపలికి పోయి మాయమవుతుంది. అక్కడ నీటి చుక్క కోసం వెతికితే దొరకదు, మోటారు నడిచేటప్పుడు పీల్చే వైపు లీకులో గాలి లోపలికి పోవడమే గానీ నీళ్లు బయటికి రావు.

నాలుగోది, పంపుకీ మోటారుకీ మధ్య ఇరుసు కనిపించే సందు కింద తడి ఉందేమో చూడండి. అక్కడ చుక్కలు పడుతుంటే సీలు అరిగింది.

ప్రాణహిత
మా సిరొంచ దిక్కు సగం కేసులు వోల్టేజీవే ఉంటయి. బాబ్జీ అన్న చెప్పినవి చేసే ముందు మోటర్ నడుస్తుండంగ వోల్టేజి చూడుండ్రి. మీటర్ లేకపోతే పాత ఫిలమెంటు బల్బు మసకగ ఉందా చూసినా తెలుస్తది. ఇండక్షన్ మోటర్ బలం వోల్టేజి వర్గం లెక్క పడిపోతది. 230 ఉండాల్సిన కాడ 180 ఉంటే బలం అరవై శాతమే. వేడి మాత్రం పెరుగుతది. ఎండకాలం సాయంత్రాలు నడపకుండ, తెల్లారగట్ల నడుపుకోవాలె. లైన్‌ల రోజూ గట్లనే ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. ఒడిశాల అయినా మా మహారాష్ట్రల అయినా అదే నంబర్.

మజ్జిగౌరి రాయగడ
మధ్యలో దూరుతున్నా, కోపగించుకోకండి. గ్యాసు పొయ్యి ఒక బర్నరు పసుప్పచ్చగా మండుతోంది, గిన్నెల అడుగు నల్లబడుతోంది. రెండోది నీలంగానే ఉంది. సిలిండరు వేసి వారమైంది. ఏం చెయ్యాలి?

గుణుపురం గురు
చూశారా, అడగడం అంటే ఇలగ. ఒక్కటే పచ్చన, రెండోది నీలం, సిలిండరు కొత్తది. సగం సమాధానం ప్రశ్నలోనే ఉంది.

స్పానరు సుబ్బులు
రెండోది బాగా మండుతోందంటే సిలిండరు, రెగ్యులేటరు, ట్యూబు మంచివే. ఆ బర్నరుకి గాలి సరిపోవట్లేదు. చల్లారాక బర్నరు ఎత్తండి, కింద ఉన్న గొట్టంలో సాలెగూడో దుమ్మో ఉందేమో గుడ్డ చుట్టిన పుల్లతో తుడవండి. పాలో గంజో పొంగి బర్నరు కన్నాలు మూసుకుంటాయి. ఇత్తడిదైతే చింతపండు కలిపిన వేణ్నీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్షుతో రుద్ది, ఒక్కో కన్నం సూదితో తియ్యండి. పూర్తిగా ఆరాకే పెట్టండి, తడి ఉంటే టపటపలాడుతుంది. పెట్టాక మూత గాడిలో సరిగ్గా కూర్చుందా చూడండి, పక్కకి ఒరిగినా పచ్చమంట వస్తుంది.

ఒకటి గుర్తు. బర్నరు కన్నాలకి సూది పెట్టొచ్చు. గ్యాసు వచ్చే చిన్న ఇత్తడి జెట్టుకి మాత్రం పెట్టకూడదు. ఆ కన్నం కాస్త పెద్దదైతే గ్యాసు ఎక్కువై ఎప్పటికీ పచ్చగానే మండుతుంది, జెట్టే మార్చాలి.

మజ్జిగౌరి రాయగడ
కొన్ని పొయ్యిలకి కింద రేకు బిళ్ల ఉంటుంది, గాలి సర్దడానికి. దాన్ని తిప్పితే?

స్పానరు సుబ్బులు
ఉంటే తిప్పొచ్చమ్మా, కానీ శుభ్రం చేశాకే. మంట నీలంగా మారేదాకా కొద్దికొద్దిగా తెరవండి. మంట బర్నరు నుంచి లేచి ఎగురుతుంటే గాలి ఎక్కువైంది, కాస్త మూయండి. మళ్లీ బిగించేటప్పుడు ట్యూబు దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి. అగ్గిపుల్లతో చూడొద్దు. వాసన గట్టిగా వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటరు ఆపి, కిటికీలు తెరిచి, బయటికెళ్లి 1906కి ఫోను.

మహేంద్రతనయ
బాబ్జీ గారూ, వరసలో చూశాను. ఫుట్ వాల్వు రెండడుగులు మునిగే ఉంది. పావుగంటకి నీటిమట్టం దిగలేదు. సీలు దగ్గర పొడి. వోల్టేజి 215. నురగ రాస్తే మోటారు మూతిలో బిగించిన ప్లాస్టిక్ ఎంటీఏ (పైపుని పంపుకి కలిపే మర ముక్క) మర మొదట్లో లోపలికి పోయింది. తుడిచి టార్చి వేస్తే వెంట్రుక మందాన గీత, సగం చుట్టూ. కానీ అక్కడ నీళ్లు కారిన మరకైనా లేదు. ఇదేనేటి?

బరంపురం బాబ్జీ
అదే. అంత సన్న సందులోంచి నీళ్లు కారవు, గాలి మాత్రం సులువుగా పోతుంది.

వైండింగ్ వాసు
పోయిన నెల బాగానే ఎక్కించింది అన్నారు కదా, దానికి కారణం కూడా ఇదే. అప్పుడు నీళ్లు పైన ఉన్నాయి, పైపులో శూన్యం తక్కువ, ఆ పగుల్లోంచి దూరే గాలిని పంపు నీళ్లతో పాటే తోసేసేది. ఇప్పుడు 22 అడుగులకి దిగాయి, ఇంచుమించు హద్దు దగ్గర ఉన్నారు. శూన్యం పెరిగింది, గాలీ పెరిగింది.

ఎంటీఏ అక్కడే ఎందుకు పగులుతుందంటే, బిగించేటప్పుడు ఆఖరి చుట్టు రెంచితో బలంగా తిప్పుతారు. పైగా నూతిలోకి వేలాడే పైపు, దానిలో నీళ్లు, మొత్తం బరువు ఆ ప్లాస్టిక్ మర మీదే. దానికి తోడు మోటారు అదురు.

నాగావళి66
ఎం-సీల్ పెట్టీండి, రాత్రికి రాత్రే అయిపోద్ది.

స్పానరు సుబ్బులు
ఈసారి నాగావళి గారి మాటలో పస ఉంది. పీల్చే వైపు కాబట్టి బయటి గాలే ముద్దని లోపలికి అదిమి పట్టుకుంటుంది. కానీ అది గట్టిపడాలి, పగుల్లో తడి ఉంటే అసలు పట్టదు. ఈ రాత్రికే కావాలంటే సైకిల్ ట్యూబు. పాత ట్యూబుని అంగుళం వెడల్పున, మూడడుగుల పొడవున పట్టీగా కొయ్యండి. పగులుకి రెండంగుళాలు అవతల మొదలెట్టి, ట్యూబు సగం సన్నబడేలా సాగదీస్తూ, ఒక్కో చుట్టు ముందు చుట్టు మీద సగం ఎక్కేలా చుట్టండి. పంపు ఇనుప మూతి మీదికి కూడా ఎక్కాలి, పైపు వరకే చుట్టి ఆపితే లాభం లేదు. వెనక్కి ఇంకో వరస చుట్టి, రెండు చివర్లా బైండింగు వైరు. మళ్లీ నురగ రాసి చూడండి, పోకుండా నిలబడితే ట్యాంకు నింపుకోండి.

ఏం చేసినా ముందు మెయిన్ ఆపండి. నీళ్లు పోసేటప్పుడు మోటారు ఒంటికి తగలొద్దు, కాళ్లకి చెప్పులు ఉండాలి.

మహేంద్రతనయ
ట్యూబు చుట్టాను, నురగ నిలబడింది. నీళ్లు ఎక్కుతన్నాయి, ధార కొంచెం సన్నగా ఉంది గానీ ఆగట్లేదు. రేపు పాతపట్నం వెళ్లి సామాను తెస్తాను. ఏటేటి తేవాలి?

బరంపురం బాబ్జీ
ఇత్తడి మర ఉన్న ఎంటీఏ ఒకటి, అంగుళందే. ఒక అంగుళం యూనియను. దానివల్ల ఇకమీదట పైపు కొయ్యకుండా మోటారు విప్పొచ్చు. టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, యూపీవీసీ గమ్ము చిన్న డబ్బా, గోడకి బిగించే క్లాంపులు రెండు. డబ్బా మీద సీపీవీసీ అని ఉంటే తీసుకోకండి, మీ పైపుకి అది కాదు.

ఇంకోటి, మోటారుని అరుగు మీద నుంచి కిందికి దించండి. ఆ 3 అడుగులు ఊరికే పోతున్నాయి. 22 కాస్తా 19 అవుతుంది. నీళ్లు ఇంకా దిగే రోజులు ముందున్నాయి. నాలుగు ఇటుకలు పేర్చి పెట్టండి, వాన పడకుండా పైన రేకు, గాలి ఆడేలా చుట్టూ ఖాళీ.

గుణుపురం గురు
అరుగు మీద ఎవరు పెట్టించారో గానీ, మోటారు కూడా చుట్టంలాగే కూర్చుంది.

ప్రాణహిత
టెఫ్లాన్ కన్న జనపనార, పెయింటు మంచిది అంటరు మా దిక్కు మిస్త్రీలు. గట్టిగ పడతది.

స్పానరు సుబ్బులు
ఇనుప మరకి ఇనుప మర అయితే నిజమే, జనపనారే మేలు. ప్లాస్టిక్ మీద వద్దు. నార నీళ్లకి ఉబ్బి మరని లోపలి నుంచి నెడుతుంది, మళ్లీ అక్కడే పగులు. టెఫ్లాన్ చాలు, కానీ చుట్టడం తెలియాలి. మర కొస మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టండి, మొదటి మర వదిలేసి, లాగి పట్టుకుంటూ పది పన్నెండు చుట్లు. వ్యతిరేకంగా చుడితే బిగించేటప్పుడు టేపు మొత్తం ముద్దగా బయటికి వచ్చేస్తుంది. చేత్తో బిగుసుకున్నంత బిగించి, తరవాత రెంచితో ఒకటీ ఒకటిన్నర చుట్టు. ఒకసారి బిగించాక సర్దడానికని వెనక్కి తిప్పితే టేపు తెగుతుంది, మళ్లీ మొదలు.

జయపురం జగ్గడు
గమ్ము పెట్టడం కూడా రాసీండి. మా వాళ్లు పగులు మీద పైపైన పూసి వదిలేస్తారు.

స్పానరు సుబ్బులు
పైపైన పూస్తే అది రంగు వేసినట్టే. పైపు కోసిన అంచు నిటారుగా ఉండాలి, రజను తుడవాలి. అతికే మేర కాస్త గరుకు కాగితంతో రుద్ది పొడిగుడ్డతో తుడిచి, పైపు బయటా సాకెట్టు లోపలా రెండింటికీ పల్చగా రాయాలి. లోపలికి నెడుతూ పావు చుట్టు తిప్పి, అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే మెల్లగా వెనక్కి జారుతుంది. పీల్చే వైపు కాబట్టి రాత్రంతా వదిలేసి పొద్దున్న వెయ్యండి.

కోరాపుట్ కాఫీ
పనిలో పనిగా ఫుట్ వాల్వు కూడా తీసి కడిగితే మంచిది కదా? నూతిలోకి ఒకడిని దింపితే అయిపోద్ది.

వైండింగ్ వాసు
మనిషిని దింపొద్దు. పాత నూతుల్లో అడుగున ఊపిరాడని గాలి నిలుస్తుంది, దిగినవాడు కేక వెయ్యడానికి కూడా వ్యవధి ఉండదు, వాడిని తీద్దామని దిగిన రెండోవాడూ అంతే. దీపం దింపి చూశాం, ఆరలేదు అన్నది కూడా పూచీ కాదు. యూనియను దగ్గర విప్పి, పైపుకి తాడు కట్టి, ఇద్దరు పైనుంచే లాగాలి. మహేంద్రతనయ గారి వాల్వు పావుగంట నిలబడింది, దాన్ని ఇప్పుడు కదపక్కర్లేదు.

ఆయన చూడాల్సింది సీలు. నీళ్లు లేకుండా నడిచింది కదా. సీలులో కార్బన్ బిళ్ల, సెరామిక్ బిళ్ల ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి. వాటి మధ్య నీటి పొరే చల్లదనం. ఆ నీరు లేకపోతే నిమిషాల్లో కాలిపోతాయి. కొన్నాళ్లు ఆ సందు కింద కాగితం ముక్క పెట్టి చూడండి, తడిస్తే సీలు మార్చాలి.

ప్రాణహిత
నాదొకటి ఉంది. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగ తిరుగుతుంది, అయిదు మీద పెట్టినా గాలి లేదు. పక్క రూముల ఫ్యాన్ మంచిగనే ఉంది, కాబట్టి వోల్టేజి కాదు. కరెంటు బంద్ చేసి చేత్తో తిప్పితే అలకగనే తిరుగుతది.

నాగావళి66
కెపాసిటర్.

వైండింగ్ వాసు
ఈసారి అవును. చేత్తో సులువుగా తిరుగుతోంది అంటే బేరింగు కాదు. మామూలు 48 అంగుళాల ఫ్యానుకి చాలావరకు 2.5 ఎంఎఫ్‌డీ ఉంటుంది, కొన్నిటికి 3.15. పాతదాని మీద చూసి అదే అంకె తెచ్చుకోండి. ఎక్కువ వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుందని పెద్దది వెయ్యకండి, వైండింగు వేడెక్కి కాలుతుంది. విప్పే ముందు మెయిన్ ఆపి, పాత కెపాసిటర్ వైర్లు రెండింటికీ టెస్ట్ ల్యాంపు తగిలించి ఛార్జి దించండి.

గుణుపురం గురు
నాగావళి గారికి పండగ.